చేపలు లిఫ్టెక్కిన రెండు రోజులు

పెరుగు ప్యాకెట్ మీద చుక్కల గీత గీసి ‘ఇక్కడ చింపండి’ అని రాస్తారు. ఆ గీత గీసినాయన ఎవరో గానీ ఆయన మీద నాకు చాలాకాలంగా కోపం. ప్యాకెట్ ఆ చోట తప్ప ఎక్కడైనా చిరుగుతుంది. చేత్తో లాగితే సాగుతుంది. పంటితో పట్టి లాగితే సగం గిన్నెలోకి, సగం ఆఫీసు చొక్కా మీదికి వస్తుంది. మా ఆవిడ మాత్రం గీతను పట్టించుకోకుండా చెంచా కాడతో మధ్యలో ఒక్క పోటు పొడుస్తుంది. తెరవమని రాసిన చోట ఏదీ తెరుచుకోదేమిటని నేను విసుక్కుంటే, మీరు చదివి తెరుస్తారు కదండీ, అందుకని, అంటుంది.

ఈ బాధ ఒక సాయంత్రం మా ఎదురు ఫ్లాటు మాస్టారి దగ్గర చెప్పుకున్నాను. ఆయన పొలిటికల్ సైన్సు లెక్చరర్‌గా రిటైరయ్యారు. క్లాసు మాత్రం ఆపలేదు. విద్యార్థులు తగ్గి తగ్గి చివరికి నేనొక్కణ్ణి మిగిలాను. ఆయన నా ఫిర్యాదంతా విని, మూసి ఉన్న ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట చుక్కల గీత ఉండే తీరుతుందని, దాన్ని కనిపెట్టడమే రాజనీతి అని సెలవిచ్చారు. పెరుగు సంగతి తనకు తెలియదట. నియంతలు ఏలే దేశాలకు మాత్రం ఆ గీత ఆటల పోటీలేనట.

అది గల్ఫ్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరుగుతున్న ఏడాది. మా వైపు గల్ఫ్ అంటే పేపర్లో చదివే దేశం కాదు. ఏ ఊళ్లో చూసినా అక్కడ వంటో డ్రైవింగో చేస్తున్నవాళ్లు ఉంటారు. మ్యాచ్ ఉన్న రోజుల్లో మాస్టారి టీవీ ముందు చేరేవాళ్లం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు కాబట్టి ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుకునేవాళ్లం.

ప్రపంచం కళ్లన్నీ ఒకచోటికి తిరిగితే ఎంత రాజుగారైనా బట్టలు సర్దుకుంటారని మాస్టారి సిద్ధాంతం. దక్షిణ కొరియాలో ఒలింపిక్స్ ముంగిట సైనిక పాలకులు దిగొచ్చి ఎన్నికలు పెట్టలేదా అనేవారు. నేను ఎకనామిక్స్ చదివినవాణ్ణి, దేన్నీ ఒకేసారి నమ్మను. అక్కడ జనం అప్పటికే రోడ్ల మీదున్నారు మాస్టారూ, ఒలింపిక్స్ వాళ్లకి ముహూర్తం మాత్రమే పెట్టిపెట్టింది అనేవాణ్ణి. అర్జెంటీనాలో జనరళ్లు ప్రపంచ కప్ పెట్టారు, కప్పూ గెలిచారు, జైళ్లు మాత్రం ఎప్పటిలాగే నడుపుకున్నారు కదా అని గుర్తుచేసేవాణ్ణి. గల్ఫ్‌లో కూలీల చట్టాలు సడలించారోయ్ అని ఆయన. ఆ సడలింపు కాగితం దిగి ఎంత దూరం నడిచిందో అక్కడ పనిచేసేవాళ్లని అడగాలని నేను. అసలు అలాంటి చోటికి ఆడటానికే పోకూడదని నా వాదన. దక్షిణాఫ్రికాతో ఏళ్ల తరబడి ఆడకుండా ఉండబట్టే కదా వాళ్లకి నొప్పి తెలిసింది. దూరంగా కూర్చుని అలిగితే ఎవడు చూస్తాడోయ్, వెళ్లాలి, ఆడాలి, లోపల నిలబడి అడగాలి అని ఆయన. మా ఆవిడ పకోడీల పళ్లెం తెచ్చి పెట్టి, మీలో ఎవరు గెలిచారో గల్ఫ్ వాళ్లకి తర్వాత కబురు పెడుదురుగానీ, ముందు ఇవి చల్లారకుండా చూడండి అని వెళ్లిపోయేది.

ఈ వాదన టీవీ ముందే ముగిసిపోవాల్సింది. మా అపార్ట్‌మెంటుకు ఒక ప్రెసిడెంట్ గారు ఉండబట్టి ముగియలేదు.

బెజవాడలో బెంజ్ సర్కిల్ వెనక సందులో మాది అయిదంతస్తుల భవనం. ప్రెసిడెంట్ గారు ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టులు అమ్మి పైకొచ్చిన మనిషి. భవనం కట్టిన కొత్తలో బిల్డరు తాళాల గుత్తి చూపించి, ఎవరో ఒకరు పుచ్చుకోండి అంటే ఈయన చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఇంతవరకూ వెనక్కి పోలేదు. ఎన్నికలు వద్దని ఆయన ఎన్నడూ అనలేదు. మనమంతా ఒక కుటుంబం, కుటుంబంలో ఓట్లేమిటండీ అనేవారు, అంతే. న్యాయంగా చెప్పాలంటే ఆయన హయాంలో నీళ్ల మోటారు ఒక్కసారి కూడా కాలిపోలేదు. కరెంటు పోయిందని మనకి తెలిసేలోపు జనరేటర్ మోగేది. నియంతలతో వచ్చిన చిక్కే అది, మోటార్లు బాగా నడుస్తాయి.

లిఫ్టు పక్కన గోడకు ఆయన ఒక బోర్డు బిగించారు. ‘చేపలు, రొయ్యలు, వాటి పెట్టెలు, వాటిని తెచ్చినవారు లిఫ్టులో పైకి రాకూడదు. ఇట్లు, ప్రెసిడెంట్.’ ఆ ‘తెచ్చినవారు’ అనే మాట అపార్ట్‌మెంటు మొత్తం మీద ఒక్కరికే వర్తిస్తుంది.

ఆ ఒక్కరూ అయిదో అంతస్తులో ఉండే అక్క. బందరు వైపు సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, కొల్లేటి చేపల వ్యాపారంలో నిలదొక్కుకుని, సొంత డబ్బుతో ఫ్లాటు కొనుక్కున్న మనిషి. తెల్లవారకముందే మార్కెట్‌కి పోయి, ఎండెక్కాక అమ్మకం ముగించుకుని, మా అందరి ఆర్డర్లూ ఐసు పెట్టెలో సర్దుకుని తిరిగొచ్చేది. పొద్దున్న స్నానం చేసి కిందికి దిగేటప్పుడు లిఫ్టు ఎక్కవచ్చు. పని చేసుకుని పైకి వచ్చేటప్పుడు ఎక్కకూడదు. పెట్టెని వాచ్‌మన్ మెట్ల మీదుగా చేరవేసేవాడు. మోకాళ్లు ఎవరివి వాళ్లే మోసుకోవాలి కదా. అక్క మూడో అంతస్తు మలుపులో కాసేపు కూర్చుని, ఊపిరి తీసుకుని, మిగతావి ఎక్కేది. మెట్లు మానకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చేశాడు. ఇక మిగిలినవి రెండే దారులు, చేపల పని మానుకోవడం, లేదంటే ఫ్లాటు అమ్ముకుని వేరే చోటికి పోవడం. పని మానేస్తే ఫ్లాటు ఎలా నడుస్తుంది, ఫ్లాటే లేకపోతే ఇన్నేళ్ల పని దేనికి అని ఆ మలుపులో కూర్చుని తనలో తనే లెక్క చూసుకునేది.

ఇందులో తమాషా ఏమిటంటే, నిషేధం పచ్చి చేపకే. ఆదివారం అక్క కొరమేను పులుసు వండి ప్రెసిడెంట్ గారింటికి గిన్నె పంపితే అది దర్జాగా లిఫ్టులో దిగేది. పసుపూ కారమూ పడితే చేపకు పౌరసత్వం వచ్చేస్తుంది. తెచ్చిన మనిషికే ఎన్నాళ్లయినా రాలేదు.

ప్రపంచ కప్ ఫైనల్ అయిన మర్నాడే మాస్టారు నా తలుపు తట్టారు. ఊళ్లో అపార్ట్‌మెంట్ల మధ్య ఏటా షటిల్ పోటీలు జరుగుతాయి, ఒక్కో ఏడాది ఒక్కో చోట. ఈసారి మన దగ్గర పెట్టిద్దామన్నారు. బయటివాళ్లు వస్తారు, బోర్డు చూస్తారు, అడుగుతారు, ప్రెసిడెంట్ సిగ్గుపడి తీసేస్తాడు. అక్క లిఫ్టెక్కుతుంది. ఆ ఊపులోనే ఎన్నికలు.

ఇవేమన్నా అంతర్జాతీయ పోటీలా మాస్టారూ అన్నాను.

“గుణదల నుంచి వస్తున్నారోయ్. మన సందుకి అంతకంటే విదేశం ఏముంది?”

నేను నా సూత్రానికి కట్టుబడి, అసలు మనం ఆడనే కూడదన్నాను. ఆయన నా సూత్రాన్ని శ్రద్ధగా విని, డబుల్స్‌లో తన పక్కన నా పేరు రాసేశారు.

అక్కకి చెబుదామని ఇద్దరం అయిదో అంతస్తుకి వెళ్లాం. ఆటలకీ నా మోకాళ్లకీ ఏమిటండీ సంబంధం అంది అక్క. మాస్టారు కొరియా నుంచి మొదలుపెట్టారు. అక్క చేప పొలుసు గీకుతూ మర్యాదగా విన్నది. మాస్టారు ఆగి మంచినీళ్లు తాగుతున్నప్పుడు, అయితే భోజనాలు ఎవరికి ఒప్పజెబుతున్నారండీ అని అడిగింది. ఆమెకి సిద్ధాంతం అర్థమైందని మాస్టారు సంతోషపడ్డారు.

పోటీలు మన దగ్గర అనగానే ప్రెసిడెంట్ గారి మొహం వెలిగిపోయింది. వెంటనే భవనానికి రంగులు వేయించారు, రోడ్డు వైపు మాత్రమే. పక్క గోడలు నాచుతోనే ఉండిపోయాయి, అటువైపు అతిథులు రారు కాబట్టి. నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకు వచ్చాయి. ముందు బాల్కనీల్లో బట్టలు ఆరేయకూడదని ఆజ్ఞ అయింది. మా అందరి లుంగీలూ వెనక వైపుకి ప్రవాసం వెళ్లాయి. సందులో ఉండే కుక్కని ఆటో ఎక్కించి ఆటోనగర్‌లో దింపి వచ్చారు. అది సెమీఫైనల్ సమయానికి తిరిగొచ్చి కోర్టు మధ్యలో పడుకుంది, అది వేరే సంగతి. వాట్సాప్ గ్రూపులో ఇకనుంచి అడ్మిన్ మాత్రమే రాయగలరని వచ్చింది. ఎందుకండీ అని అడుగుదామంటే రాయడానికి వీల్లేదు.

ఇదేమిటి మాస్టారూ, తెరుచుకోవాల్సింది పోయి బిగుసుకుంటోంది అన్నాను. తలుపు తెరిచే ముందు గడియ కొంచెం బిగుస్తుందోయ్ అన్నారు. ఆయన దగ్గర అన్నిటికీ సమాధానం ఉండేది. అదే ఆయన బలహీనత.

కానీ పోటీలకు ముందురోజు సాయంత్రం నిజంగానే అద్భుతం జరిగింది. ప్రెసిడెంట్ గారు స్వయంగా స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి బోర్డు ఊడదీశారు. వచ్చేవాళ్లు మరోలా అనుకుంటారేమో అని మాస్టారు అంతకుముందు చెవిలో వేసిన మాట పనిచేసింది. గోడ మీద రెండు చిల్లులు మిగిలాయి. వాటివైపు చూస్తూ మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నా వాదన ఓడిపోయిందని ఒప్పుకోవడానికి సిద్ధపడుతున్నాను. అంతలో ప్రెసిడెంట్ గారు అక్కకి కబురు పెట్టారు. పట్టుచీర కట్టుకుని, ఐసు పెట్టెతో లిఫ్టులో నిలబడాలి, పక్కన ఆయన నిలబడతారు, ఫోటో. పెట్టె ముందే డెట్టాల్‌తో కడిగించారు. లోపల చేపలేమీ లేవు. ‘మన లిఫ్టు – మనందరిదీ’ అని రాసి గ్రూపులో పెట్టారు. మాటలు రాసే హక్కు లేదు గనక మేమంతా బొటనవేళ్లు పెట్టాం.

ఫోటో ఎలాంటిదైనా లిఫ్టు మాత్రం నిజం. పోటీలు జరిగిన రెండు రోజులూ అక్క లిఫ్టులోనే తిరిగింది. మొదటి రోజు మార్కెట్ నుంచి వచ్చి, చేపల పెట్టెతో సహా పైకి వెళ్లి, ఏదో మర్చిపోయానంటూ దిగి, మళ్లీ ఎక్కింది. ఏమీ మర్చిపోలేదని వాచ్‌మన్ మా ఆవిడకి చెప్పాడు. లిఫ్టులో వాసన వస్తోందని ఎవరూ అనలేదు. ఎవరికీ రాలేదో, వచ్చినా అనుమతి ఉంది గనక ముక్కులు ఊరుకున్నాయో చెప్పలేను.

ఇక ఆట. మాస్టారినీ నన్నూ మొదటి రౌండులోనే గుణదల జట్టు ఓడించింది. వాళ్ల కెప్టెన్ ఒక హెడ్ నర్సు, మేరీమాత తిరునాళ్లలో జనాన్ని లైన్లో నిలబెట్టే వలంటీరు. మమ్మల్ని కూడా అంతే శాంతంగా పక్కకి నిలబెట్టింది. ఓడినందుకు మాస్టారు బాధపడలేదు. ఆయన గురి రెండో రోజు భోజనాల మీద ఉంది. అతిథులందరూ ఒకచోట కూర్చుంటారు, అప్పుడు లేచి, ఇక్కడ బోర్డు శాశ్వతంగా పోవాలని, ఎన్నికలు రావాలని అందరి ఎదుటా ప్రెసిడెంట్‌ని అడగాలి. అంతమంది ముందు ఆయన కాదనలేడు.

పథకం బాగానే ఉంది. భోజనంలో అక్క చేత చేపల పులుసు పెట్టించడమే మా పొరపాటు. మా డెల్టావాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. పొట్లకాయ కూర పెట్టినా కొరియా కాస్త దగ్గరపడేది. ముల్లున్న చేప తింటున్న మనిషి ఎవరి మాటా వినడు. అది మర్యాద లేకపోవడం కాదు, ప్రాణం మీది శ్రద్ధ. మాస్టారు లేచి గొంతు సవరించుకుని, మిత్రులారా, ఈ భవనంలో ఒక లోటు ఉంది అన్నారు. పులుసేమో అనుకుని ఎవరో గరిట కోసం కేకేశారు. వడ్డన రెండోసారి మొదలైంది. మాస్టారు నిలబడే ఉన్నారు. ఆయన విస్తట్లో కూడా ఒక ముక్క పడింది. కాసేపటికి కూర్చున్నారు.

చేతులు కడుక్కోవడానికి వెళ్తూ గుణదల కెప్టెన్ లిఫ్టు దగ్గర ఆగింది. ఈ రెండు చిల్లులేమిటండీ, ఇక్కడ ఏదన్నా ఉండేదా అని అడిగింది. మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ప్రపంచం అడగనే అడిగింది.

ప్రెసిడెంట్ గారు సిగ్గుపడలేదు. ఎంతో ఉత్సాహంగా చెప్పారు. బోర్డు, దాని చరిత్ర, దానివల్ల లిఫ్టుకి వచ్చిన పరిశుభ్రత. కెప్టెన్ ఆయన మొహం వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. మిగతా అపార్ట్‌మెంట్ల ప్రెసిడెంట్లు మాత్రం దగ్గరికి జరిగారు. మా దగ్గరా ఇదే గొడవండీ, మాటలు ఎలా రాయించారు అని ఒకాయన అడిగాడు. ‘తెచ్చినవారు’ అన్న మాట భలే కలిపారండీ అని ఇంకొకాయన. ప్రెసిడెంట్ గారు వాచ్‌మన్ గదిలోంచి బోర్డు తెప్పించి ఎత్తి పట్టుకున్నారు. అందరూ ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. పులుసు వేళ్లతోనే. పైన వంటింట్లో అక్క అప్పటికి గిన్నెలు తోమిస్తోంది.

బయటి గాలి లోపలికి వస్తుందనుకున్నాం. లోపలి గాలే బయటికి పోయింది. కొన్నాళ్లకి ఊళ్లో మరికొన్ని అపార్ట్‌మెంట్లలో అవే మాటలు, ఇంకాస్త పెద్ద అక్షరాలతో, వెలిశాయని విన్నాం. మా ప్రెసిడెంట్ గారిని అపార్ట్‌మెంట్లన్నీ కలిసి ఉమ్మడి సంఘానికి చైర్మన్ చేసుకున్నాయి, ఏకగ్రీవంగా. పోటీలు అయిపోయిన మర్నాడే బోర్డు తన చోటికి తిరిగొచ్చింది. ఈసారి నాలుగు స్క్రూలు. ముందు బాల్కనీల్లోకి లుంగీలు తిరిగి రాలేదు.

అక్క మళ్లీ మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెండు రోజులు విశ్రాంతి తీసుకున్న మోకాళ్లు ఇప్పుడు ఇంకా గట్టిగా గొడవ పెడుతున్నాయని మా ఆవిడతో అందట. ఇక ఫ్లాటు అమ్మకానికి పెట్టాలేమో అని కూడా అందట.

మాస్టారు నాలుగు రోజులు కనిపించలేదు. తర్వాత కొత్త కాంతితో వచ్చారు. బహుమతుల సభలో ప్రెసిడెంట్ గారు అతిథుల ముందు ఒక గొప్ప మాట అన్నారు, మా దగ్గర ఏ నిర్ణయమైనా మీటింగు పెట్టి, ఓటేసి తీసుకుంటామండీ అని. నలుగురి ముందు ఆడిన మాట. దాన్ని పట్టుకుని లాగాలోయ్, పాలకులు గొప్పకు అన్న మాటలే జనానికి తాళ్లు అన్నారు మాస్టారు. నాక్కూడా అది బాగుందనిపించింది. ఇద్దరం వెళ్లి అడిగాం. దానిదేముందండీ, తప్పకుండా పెడదాం అన్నారు ప్రెసిడెంట్ గారు. ఆదివారం పొద్దున్న, మేడ మీద, చేతులెత్తే పద్ధతి. మేము ఒకరి చేతులు ఒకరం నొక్కుకుంటూ బయటికొచ్చాం. రహస్య ఓటు కోసం మాస్టారు వెనక్కి వెళ్లి ఒక ప్రయత్నం చేశారు. మన దగ్గర రహస్యాలేముంటాయి మాస్టారూ అన్నారట.

ఆదివారం పొద్దున్న బెజవాడ బెజవాడంతా చేపల కోసం లైన్లో ఉంటుందని, ఆ పూట అక్క మార్కెట్ వదిలి రాలేదని మా ఇద్దరికీ తట్టలేదు. ప్రెసిడెంట్ గారికి తట్టిందో లేదో నేను చెప్పలేను. ఆయన మనసులో ఏముందో తెలుసుకునే సదుపాయం ఎవరికీ లేదు.

మేడ మీద కుర్చీలు వేశారు, టీ పోశారు. బోర్డు ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అని ప్రెసిడెంట్ గారు ముందు తనే ఎత్తి, ఆ చేతిని అలాగే ఉంచి, ఒక్కొక్కరి మొహం వైపూ చూశారు. చేతులు లేచాయి. ఆ పూట కొరమేనుకి ఆర్డరిచ్చిన చేతులు కూడా లేచాయి. మెట్ల మీదుగా వచ్చినా చేప రుచి మారదు కదా. తీసేయాలనేవాళ్లం మాస్టారు, నేను, మా ఆవిడ, ఇంకా ఒకరిద్దరు. మా ఆవిడ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు. ఇది మన అపార్ట్‌మెంట్‌లో ప్రజాస్వామ్య విజయం అని ప్రెసిడెంట్ గారు అందరికీ ధన్యవాదాలు చెప్పి ముగించారు.

కుర్చీలు మడుస్తుండగా అక్క వచ్చింది. వాచ్‌మన్ మీటింగులో టీలు అందిస్తున్నాడు కాబట్టి పెట్టె తనే మోసుకుని, అయిదంతస్తులూ ఎక్కి, ఆ పైన మేడ మెట్లు కూడా ఎక్కి వచ్చింది. నీళ్ల ట్యాంకు గట్టు మీద కూలబడి, పెట్టె పక్కన పెట్టి, ఏమయిందండీ అని కళ్లతోనే అడిగింది.

మాస్టారు ఎంతో ఓర్పుగా వివరించారు. ఓడిపోయాం గానీ ఇది ఓటమి కాదు, ఈ భవనం చరిత్రలో ఇదే మొదటి ఓటింగు, ఇంతవరకూ తెచ్చింది ఆ షటిల్ పోటీలే, వచ్చే ఏడాది జిల్లాస్థాయి పోటీలు మన దగ్గరే పెట్టిద్దాం, అప్పుడు టీవీవాళ్లు కూడా వస్తారు. కొరియాలో కూడా ఒక్కరోజులో రాలేదక్కా అని నేను నా వంతు కలిపాను. ఏ మాస్టారిని కొరియా విషయంలో ఇంతకాలం కాదన్నానో ఆయన తరఫునే.

అక్క కొంగుతో మెడ తుడుచుకుంది. సాయంత్రం ఫ్లాటు చూడటానికి ఎవరో వస్తున్నారని చెప్పింది. తర్వాత మా ఇద్దరి మొహాల వైపూ చూసింది. చెమట చుక్క లేదు.

“మీరిద్దరూ మాత్రం లిఫ్టులోనే వచ్చుంటారు.”